పెట్రోలు మారింది.. మరి బండి?

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని కొట్టేసింది. ఇథనాల్ కలపని పెట్రోలును కూడా బంకుల్లో అందుబాటులో ఉంచాలని, ఏ పెట్రోలు పోస్తున్నారో పంపు మీద స్పష్టంగా రాయాలని కోరుతూ వేసిన వ్యాజ్యమది. అంతకుముందు నెలంతా వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్‌లో ఇదే గోల. ఈ20 పోస్తే ఇంజిన్ షెడ్డుకే అని ఒకరు, అదంతా పుకారు అని ఇంకొకరు. కోర్టులో కేసు ముగిసింది కానీ, రోజూ బండి మీద కాలేజీకో, కోచింగ్‌కో వెళ్లే కుర్రాడి అనుమానం తీరలేదు. మైలేజీ తగ్గుతోందా, లేదా? కొంచెం లోతుగా ఆలోచించేవాళ్లకు ఇంకో ప్రశ్న. ఇంత చేశాక గాలైనా బాగుపడుతోందా?

గ్రూప్స్, సివిల్స్‌కు చదివేవాళ్లకు ఇది కరెంట్ అఫైర్స్. కెమికల్, మెకానికల్ వాళ్లకు రేపటి ఉద్యోగానికి సంబంధించిన విషయం. ఇద్దరికీ ఒకటే చెబుతాను. ఈ20ని విడిగా చూస్తే ఏమీ అర్థం కాదు. మన దేశంలో కాలుష్యం తగ్గించడానికి ప్రభుత్వం పెట్రోలు, డీజిలు మీద నిబంధనలు పెట్టుకుంటూ వచ్చిన 30 ఏళ్ల కథలో ఇది మూడో అంకం. మొదటి రెండూ బాగానే గట్టెక్కాయి. అవి ఎందుకు గట్టెక్కాయో తెలిస్తే మూడోదానిలో ఏం లోపించిందో తెలుస్తుంది.

సీసం పోయిన తీరు

1921లో అమెరికాలో జనరల్ మోటార్స్ ఇంజినీరు థామస్ మిడ్‌గ్లే, పెట్రోలులో కొద్దిగా టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇంజిన్‌లో నాకింగ్ ఆగిపోతుందని కనిపెట్టాడు. నాకింగ్ అంటే పెట్రోలు వేళకు ముందే అంటుకుని ఇంజిన్ టకటకా కొట్టుకోవడం. చవకైన మందు, గట్టిగా పనిచేసింది. అక్కడినుంచి యాభై అరవై ఏళ్లపాటు ప్రపంచమంతా పొగ గొట్టాల్లోంచి సీసం పీల్చింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అయినా దాన్ని తొలగించడానికి తోడ్పడిన కారణాల్లో ఒకటి వైద్యం కాదు, ఇంజినీరింగ్. పొగలోని విషవాయువులను మార్చే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. సీసం ఆ పూత మీద పేరుకుంటే అది ఇక పనికిరాదు. అంటే సీసం ఉన్న పెట్రోలు, కన్వర్టర్ ఉన్న కారు ఒకే ఒరలో ఇమడవు.

మన దగ్గర 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మెట్రో నగరాల్లో కొత్త కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేశారు. అదే రోజుల్లో అదే నగరాల బంకుల్లోకి సీసం లేని పెట్రోలు వచ్చింది. 2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతా సీసం లేని పెట్రోలే. ప్రపంచంలో ఆఖరుగా అల్జీరియా 2021 జులైలో ఆపేసింది. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది తేదీల కంటే ఆ వరసను. ఇంధనం, దాన్ని వాడే యంత్రం జంటగా మారాయి. కొత్త పెట్రోలు వచ్చిన కొన్నేళ్లపాటు పాత పెట్రోలూ పక్క పంపులో దొరికింది.

అయితే సీసం తీసేస్తే ఆక్టేన్ ఎలా? ఆ ఖాళీని నింపడానికి రిఫైనరీలు బెంజీన్ లాంటి ఆరోమాటిక్స్ వైపు చూస్తాయి. బెంజీన్ క్యాన్సర్ తెచ్చేది. అందుకే దానికీ పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు మన పెట్రోలులో అది 1 శాతం దాటకూడదు. అమెరికా అనుభవం ఇంకా ఘాటైనది. 1990లో అక్కడి క్లీన్ ఎయిర్ చట్టానికి చేసిన సవరణలతో, గాలి బాగా పాడైన నగరాల్లో పెట్రోలుకు ఆక్సిజన్ ఉన్న పదార్థం కలపడం తప్పనిసరైంది. కంపెనీలు ఎక్కువగా ఎంటీబీఈ అనే రసాయనాన్ని ఎంచుకున్నాయి. కార్బన్ మోనాక్సైడ్ తగ్గింది, బాగానే ఉంది. కానీ ఎంటీబీఈ నీళ్లలో సులువుగా కలిసిపోతుంది, త్వరగా విరగదు. బంకుల భూగర్భ ట్యాంకులు కారిన చోటల్లా భూగర్భజలంలోకి చేరింది. 1996లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరం తన తాగునీటి బావుల్లో చాలావాటిని మూసుకోవాల్సి వచ్చింది. గాలి కోసం వేసిన మందు నీటిని చెడగొట్టింది! చివరికి ఆ రాష్ట్రం దాన్ని నిషేధించింది. దాని స్థానంలోకి వచ్చింది ఏమిటంటారా? ఇథనాలే.

సల్ఫర్ మీద యుద్ధం

రెండో అంకం మనవాళ్లు చేసిన అతి పెద్ద పని. దీనికి రావలసినంత పేరు రాలేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. సల్ఫర్ కూడా సీసంలాగే కన్వర్టర్‌కు శత్రువు. దాని మోతాదు ఎక్కువున్న డీజిలు పోస్తే మసిని పట్టే ఫిల్టర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లను విరిచే పరికరాలు సరిగా పనిచేయవు. భారత్ స్టేజ్ ప్రమాణాలన్నిట్లో అసలు ప్రాణం ఉన్నది ఈ అంకెలోనే. బీఎస్-3 డీజిలులో సల్ఫర్ 350 పీపీఎం, బీఎస్-4లో 50, బీఎస్-6లో 10. పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం.

2010లో బీఎస్-4 మొదట హైదరాబాద్‌తో సహా 13 నగరాలకే వచ్చింది. మిగతా దేశంలో బీఎస్-3. దీంతో ఒక తమాషా జరిగింది. నగరంలో రిజిస్టరైన కారుకు ఒక ప్రమాణం, జాతీయ రహదారి మీద రాత్రంతా నడిచి తెల్లారేసరికి అదే నగరం మీదుగా వెళ్లే లారీకి ఇంకో ప్రమాణం. బీఎస్-4 లారీ తయారుచేసినా, దారి మధ్యలో దొరికేది బీఎస్-3 డీజిలే అయితే దాని పరికరాలు ఏం కావాలి? గాలికి జిల్లా సరిహద్దులు ఉండవు, లారీకీ ఉండవు. 2017 ఏప్రిల్‌లో దేశమంతా బీఎస్-4 అయ్యాక గానీ ఈ చిక్కు వీడలేదు. అప్పటికి షోరూముల్లో మిగిలిన బీఎస్-3 బండ్లను ఏప్రిల్ 1 తర్వాత అమ్మకూడదని సుప్రీంకోర్టు మార్చి 29న తీర్పు చెప్పింది. ఆ రెండు రోజులూ షోరూముల ముందు భారీ డిస్కౌంట్ల కోసం జనం ఎగబడటం చాలామందికి గుర్తుండే ఉంటుంది.

తర్వాత బీఎస్-5ను వదిలేసి, మూడేళ్లలో నేరుగా బీఎస్-6కు దూకాం. 2020 ఏప్రిల్ 1 నాటికి దేశమంతా 10 పీపీఎం పెట్రోలు, డీజిలు. దీనికోసం విశాఖ హెచ్‌పీసీఎల్ లాంటి రిఫైనరీల్లో చేసే పని ఏమిటంటే, ఎక్కువ పీడనంలో హైడ్రోజన్‌ను పంపి డీజిలులోని సల్ఫర్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా లాగేయడం, దాన్ని మళ్లీ పసుపుపచ్చ గంధకంగా మార్చి అమ్మడం. యూనిట్ ఆపరేషన్స్ పుస్తకంలో చదివి మర్చిపోయిన పాఠం అక్కడ వేల కోట్ల పెట్టుబడి. అటు బండ్లలోనూ మార్పు వచ్చింది. బైకుల్లో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. డీజిల్ కారు నుంచి కిలోమీటరుకు వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 0.25 గ్రాముల నుంచి 0.08 గ్రాములకు దిగింది. మసి పరిమితి 0.025 గ్రాముల నుంచి 0.0045కు. మళ్లీ అదే సూత్రం: ఇంధనం, యంత్రం జంటగా. బైకుల ధరలు పెరిగాయి, అది నిజమే. కానీ ధర పెరిగింది కొత్త బండి కొన్నవాడికి. పాత బండి ఉన్నవాడికి తక్కువ సల్ఫర్ పెట్రోలు వల్ల నష్టమేమీ లేదు.

ఇప్పుడు ఇథనాల్

2014లో మన పెట్రోలులో ఇథనాల్ వాటా 1.5 శాతం దగ్గర ఉండేది. 2022 జూన్ నాటికి 10 శాతం. 2018 జీవ ఇంధనాల విధానంలో 20 శాతం లక్ష్యానికి 2030 వరకు గడువు ఉండగా, దాన్ని 2025-26కు ముందుకు జరిపారు. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధాని ఈ20ని ప్రారంభించారు. 2025లో 20 శాతానికి చేరిపోయాం. వేగం విషయంలో వంక పెట్టలేం.

మరి బండ్లు? 2021 జూన్‌లో నీతి ఆయోగ్ విడుదల చేసిన రోడ్‌మ్యాప్ ప్రకారం, ఈ20ని తట్టుకునే రబ్బరు, లోహ భాగాలున్న బండ్లు 2023 ఏప్రిల్ నుంచి, ఇంజిన్ కూడా ఈ20కే ట్యూన్ చేసిన బండ్లు 2025 ఏప్రిల్ నుంచి రావాలి. అంటే అన్న దగ్గర్నుంచి తీసుకున్న 2016 బైకో, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2019 స్కూటరో ఈ రెండు వర్గాల్లోనూ లేదు. దేశంలో రిజిస్టరైన వాహనాల్లో నాలుగింట మూడొంతులు ద్విచక్ర వాహనాలే కాబట్టి ఇది చిన్న సంఖ్య కాదు. మొదటి రెండు అంకాల్లోనూ పాత బండి ఉన్నవాడు పెద్దగా నష్టపోలేదు. ఇక్కడ పెట్రోలు ముందు వెళ్లిపోయింది, అతని బండి వెనకే ఉండిపోయింది.

మైలేజీ లెక్కను ఎవరికి వారే వేసుకోవచ్చు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలులో కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 20 శాతంలో మూడో వంతు అంటే 6.6. ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే ఈ20 లీటరులో శక్తి ఆ మేరకు తక్కువ. నీతి ఆయోగ్ నివేదికలోనూ పాత తరహా కార్లకు 6-7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3-4 శాతం, ఈ20కి ట్యూన్ చేసిన కార్లకు 1-2 శాతం ఇంధన సామర్థ్యం తగ్గుతుందనే ఉంది. ఈ20కి ట్యూన్ చేస్తే నష్టం ఎందుకు తగ్గుతుంది? ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ. కంప్రెషన్ నిష్పత్తి పెంచి, స్పార్క్ టైమింగ్ మార్చి ఆ లాభాన్ని వాడుకోవచ్చు. పాత ఇంజిన్‌కు ఆ సౌకర్యం లేదు.

రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగే విద్యార్థిని తీసుకుందాం. నెలకు 1,040 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బైకు 48 ఇస్తే నెలకు 0.87 లీటర్లు అదనం. హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల లెక్కన సుమారు 93 రూపాయలు. కాబట్టి మైలేజీ సగానికి సగం పడిపోయిందని వీడియో పెట్టినవాళ్లను నమ్మకండి. అలా పడిపోతే ముందు ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ చూపించండి. అదే సమయంలో 'అసలు తేడాయే లేదు' అన్న మాటనూ నమ్మకండి. ఏడాదికి 1,100 రూపాయలు అంటే ఒక ఉద్యోగ పరీక్ష ఫీజు, ఆ ఊరికి వెళ్లొచ్చే బస్సు చార్జీ. పాత బండ్లలో 20-30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టు ప్రకటనలో చెప్పింది, ఖర్చు పెద్దగా ఉండదంటూ.

ఈ నష్టాన్ని వినియోగదారుడికి పూడ్చేందుకు ఇథనాల్ మీద పన్ను రాయితీ ఇచ్చే విషయం చూడాలని నీతి ఆయోగ్ నివేదిక సూచించింది. ఆ రోజుల్లో ఇథనాల్ పెట్రోలు కంటే చవక. ఇప్పుడు తిరగబడింది. 2025 జులై చివరికి కంపెనీలు కొంటున్న ఇథనాల్ సగటు ధర రవాణా, జీఎస్టీ కలిపి లీటరు 71.32 రూపాయలు, రిఫైన్ చేసిన పెట్రోలు ఖర్చు కంటే ఎక్కువ. కాబట్టి బంకులో ధర తగ్గే మార్గం కనిపించడం లేదు.

గాలి సంగతి తేలిందా?

ఇక్కడ రెండు విషయాలను కలగాపులగం చేస్తున్నారు. పరీక్షలో రాసేటప్పుడు మీరు చేయకండి. కార్బన్ డయాక్సైడ్ భూతాపానికి సంబంధించింది. కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, పీఎం 2.5 మన ఊపిరితిత్తులకు సంబంధించినవి. ఇథనాల్ వల్ల ఆదా అయిందని ప్రభుత్వం చెప్పే 736 లక్షల టన్నులు మొదటి పద్దులోది. రెండో పద్దు చూస్తే, నీతి ఆయోగ్ నివేదిక ప్రకారం ఈ20తో ద్విచక్ర వాహనాల్లో కార్బన్ మోనాక్సైడ్ 50 శాతం, కార్లలో 30 శాతం తగ్గుతుంది. హైడ్రోకార్బన్లు 20 శాతం తగ్గుతాయి. ఇది మంచి విషయమే, సిగ్నల్ దగ్గర బండ్ల మధ్య నిలబడేవాళ్లకు మరీనూ. నైట్రోజన్ ఆక్సైడ్లలో స్పష్టమైన ధోరణి లేదు. ఎసిటాల్డిహైడ్ లాంటి కార్బొనైల్ వాయువులు మాత్రం మామూలు పెట్రోలు కంటే పెరుగుతాయి.

ఎసిటాల్డిహైడ్ క్యాన్సర్ కారకం కావచ్చని అనుమానిస్తున్న రసాయనం. మన 2009 జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లో 12 కాలుష్య కారకాలున్నాయి. సీసం ఉంది, బెంజీన్ ఉంది, ఎసిటాల్డిహైడ్ లేదు. మీరు 'పొల్యూషన్ సర్టిఫికెట్' అని తీసుకునే పీయూసీ పరీక్షలో పెట్రోలు బండికి చూసేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. సరిగ్గా ఈ20 ఏ రెండింటిని తగ్గిస్తుందో అవే! పెరిగేదాన్ని కొలిచేవాళ్లు రోడ్డు మీద ఎవరూ లేరు. ఇందులో కుట్ర ఉందని నేననను. కొలిచే పరికరాల కంటే పెట్రోలు ముందు పరుగెత్తింది, అంతే. అయితే ఎంటీబీఈని నీళ్లలో వెతకాలని కూడా మొదట్లో ఎవరికీ తట్టలేదన్నది మర్చిపోకూడదు.

నగరాల్లో అసలు సమస్యైన పీఎం 2.5లో పెట్రోలు బైకు వాటా కంటే డీజిలు, రోడ్డు దుమ్ము, చెత్త కాల్చడం లాంటివి పెద్దవి. కాబట్టి ఈ20ని ప్రధానంగా గాలి కార్యక్రమంగా చూడటం కష్టం. ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశానికి ఇది ముందు విదేశీ మారకం కార్యక్రమం, తర్వాత రైతుకు మార్కెట్ చూపే కార్యక్రమం. 2014-15 నుంచి 2025 జులై వరకు 1.44 లక్షల కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకం ఆదా అయిందన్నది ప్రభుత్వ లెక్క. అది మంచి కారణమే. దాన్ని దాని పేరుతోనే పిలిస్తే చర్చ సగం తేలికవుతుంది.

పల్లె వైపు నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. ఇప్పుడు ఇథనాల్‌లో చెరకు కంటే ధాన్యాల వాటా ఎక్కువ. 2024-25కు ఎఫ్‌సీఐ గోదాముల నుంచి 52 లక్షల టన్నుల బియ్యం కేటాయించారు. మొక్కజొన్న డిస్టిలరీలకు పోతుంటే కోళ్ల దాణా ఖర్చు పెరిగిందని పౌల్ట్రీ రైతులు అంటున్నారు, మక్క పండించేవాడు మాత్రం ధర వచ్చిందని సంతోషపడుతున్నాడు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం రోడ్డెక్కి ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆపించారు. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్దధన్వాడలోనూ గొడవ జరిగింది. వాళ్ల భయం నీళ్ల గురించి, వాసన గురించి. నగరం గాలి కోసమని చెప్పే పెట్రోలు తమ ఊరి గాలిని చెడగొడుతుందని వాళ్లు అంటుంటే, ప్రజాభిప్రాయ సేకరణ సరిగా జరిపారా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అధికారులే.

ఒక స్టిక్కర్ విలువ

అమెరికాలో 15 శాతం ఇథనాల్ కలిసిన ఈ15 అమ్మే ప్రతి పంపు మీదా నారింజ రంగు స్టిక్కర్ ఉండాలి. 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకే పోయాలని, మోటార్‌సైకిళ్లకు పోయకూడదని దాని మీద రాసి ఉంటుంది. బ్రెజిల్ 2025 ఆగస్టు నుంచి 30 శాతం కలుపుతోంది కాబట్టి మనకేం భయం అని కొందరంటారు. అక్కడ ఎంత ఇథనాల్ ఉన్నా సర్దుకునే ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లు 2003 నుంచీ ఉన్నాయన్న సంగతి చెప్పరు. మన దగ్గర రెండో రకం పెట్రోలు పెట్టడం ఖర్చుతో కూడిన పని, ట్యాంకులు వేరే కావాలి, అది ఒప్పుకుంటాను. కానీ స్టిక్కర్‌కు ఏం ఖర్చు? ప్రస్తుతానికి మీరు చేయగలిగింది, ఓనర్ మాన్యువల్‌లో గానీ పెట్రోలు ట్యాంకు మూత దగ్గర గానీ ఈ10, ఈ20 గుర్తు ఉందేమో చూసుకోవడం. వానాకాలంలో బండిని నెలల తరబడి కదపకుండా ఉంచాల్సి వస్తే ట్యాంకులో పెట్రోలు అలాగే వదిలేయకండి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి దిగుతాయి.

ఉద్యోగాల మాటకొస్తే, ఈ రంగంలో ఒకే రకం డిగ్రీ వాళ్లకే పని ఉంటుందనుకోవద్దు. పాత ఇంజిన్‌ను కొత్త పెట్రోలుకు సర్దే ఈసీయూ క్యాలిబ్రేషన్‌కు మెకానికల్, ఎలక్ట్రానిక్స్ రెండూ తెలిసినవాళ్లు కావాలి. పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ బండ్లను పరీక్షించే సంస్థలు. దెహ్రాదూన్‌లో సీఎస్‌ఐఆర్‌కు చెందిన పెట్రోలియం సంస్థ ఉంది, విశాఖలో ఐఐపీఈ ఉంది. డిస్టిలరీ వ్యర్థ జలాల శుద్ధి ఎన్విరాన్‌మెంటల్, కెమికల్, బయోటెక్ వాళ్ల పని, ఆ ఊళ్లలో గొడవలు ఆగాలంటే అది బాగా చేసేవాళ్లే కావాలి. కాలుష్య నియంత్రణ మండళ్లలో ఇంజినీరు పోస్టులకు నోటిఫికేషన్ పడ్డప్పుడు సిలబస్‌లో గాలి ప్రమాణాల చాప్టర్‌ను వదిలేయకండి.

ఇంటర్వ్యూలో 'పెట్రోలులో ఇథనాల్ ఎంతుందో ఎలా తెలుసుకుంటావ్' అని అడిగితే చెప్పగలిగే తేలిక పద్ధతి ఒకటుంది. కొలత గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి బాగా కలిపి నిలకడగా ఉంచాలి. ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్లలోకి వచ్చేస్తుంది. ఈ20 అయితే కింది పొర 10 నుంచి దాదాపు 30 మిల్లీలీటర్లకు పెరుగుతుంది. చేసి చూడాలనిపిస్తే కాలేజీ ల్యాబ్‌లో, సార్‌కు చెప్పి, మంట దగ్గర లేకుండా చూసుకుని మాత్రమే.